అమ్మకి లోకుట్టు

పొద్దున్నే అమ్మకి కుడి చంక కింద కుట్టు విడిపోయి ఉంది. నడుము దాకా, జానెడు పైనే. రక్తం లేదు. అందులోంచి ఏరు పారుతున్న చప్పుడు వస్తోంది.

అమ్మ గుమ్మంలో పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఆ చప్పుడు బయటికి పోయేకొద్దీ మనిషి తేలికైపోతోంది. ఇప్పటికే పీట నుంచి బెత్తెడు పైకి లేచింది. ఇలాగే వదిలేస్తే వంటయ్యేలోపు చూరు దాటిపోతుంది. ఊరందరికీ జాకెట్లు కుట్టేదాన్ని, కన్నతల్లిని కుట్టుకోలేనా? సూదిలో దారం ఎక్కిస్తాను.

"ఒంటిమీద కుట్టకూడదే కనకం, దరిద్రం."

"ఒంటిమీదున్న బట్టని కుట్టకూడదు. ఒంటిని కుట్టకూడదని ఎవరన్నారమ్మా?"

అమ్మ ఆలోచిస్తుంది. "అదీ నిజమేలే. ఐతే లోకుట్టు వెయ్యి. పైకి కనపడిందంటే నలుగురూ అడుగుతారు."

లోకుట్టంటే ఈ అంచు మడతలో ఒక పోటు, ఆ అంచు మడతలో ఒక పోటు. దారం లాగితే అంచులు కలుస్తాయి, దారం మాయమైపోతుంది.

అంచు ఎత్తి చూస్తాను. ఓరి దేవుడో! లోపల ఏరు కాదు, అవతలి ఒడ్డే లేని నది. మన గోదారి దాని ముందు పిల్లకాలువ. నీళ్ళనిండా పడవలు. ఒక్కో పడవలో ఒక్కో వయసు అమ్మ. అందరూ గొంతెత్తి పాడుతున్నారు. మా అమ్మ పాడగా నేనెన్నడూ వినలేదు. ఏడుపొస్తోంది.

"ఇదంతా ఎప్పుడూ చెప్పలేదేమ్మా?"

"లోగుట్టు పెరుమాళ్ళకెరుక. నువ్వు కుట్టు."

కుట్టుకీ గుట్టుకీ అమ్మ దగ్గర పెద్ద తేడా లేదు.

కుడుతున్నాను. పోటు పోటుకీ అమ్మ పీట మీదికి దిగుతోంది, పాట సన్నగిల్లుతోంది. అమ్మ దక్కితే పాట దక్కదు. నా చెయ్యి ఆగిపోతుంది.

"ఆగకే! తేలిపోతున్నాను."

పాటని వదులుకుంటాను. కళ్ళు తుడుచుకుని చివరి పోటు వేస్తాను.

"ముడి లోపలే పడాలి సుమా," అంటుంది అమ్మ.

మిగిలిన సందులోంచి చెయ్యి లోపలికి పెడతాను. చల్లటి గాలి. పడవల్లోని అమ్మల్లో ఎవరో నా వేళ్ళలోంచి దారం అందుకుని ముడి వేస్తారు. తర్వాత నా మణికట్టు తడిమి, అక్కడ నాకే తెలియని కుట్టొకటి పట్టుకుని, ఒక్క పోటు విప్పి, నా చెయ్యి బయటికి నెట్టేస్తారు.

అమ్మ ఒంటిమీద కుట్టు జాడే లేదు. నా మణికట్టులోంచి మాత్రం నీళ్ళు గుమ్మం దిగి వీధిలోకి పారుతున్నాయి. అమ్మ చిక్కుడుకాయల చేట పక్కన పెట్టి, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని ఆ నీళ్ళలోకి దిగుతుంది. నలుగురూ చూస్తుండగా గొంతు విప్పి పాడుతుంది. వీధిలోని ఇళ్ళన్నీ పునాదులు వదిలి, ఒకదాని వెనక ఒకటి, ఆమె వెంట తేలుతూ వెళ్తున్నాయి.