అద్దాలపెట్టెలో వాగు

ఇస్తారి బ్యాటరీ మీది తేమను గుడ్డతో తుడిచి, దీపం ఒకసారి వెలిగించి చూసి, కిటికీలోంచి అవతలి చేతికి అందించాడు. ఆ చేయి ఎవరిదో చూడడానికి తలెత్తే అలవాటు అతనికి లేదు. గోళ్లను బట్టి, వేళ్ల మీది గాట్లను బట్టి మనిషెవరో తెలిసిపోతుంది. బెల్లంపల్లిలో ఆ బొగ్గుబాయి దిగే వాళ్లందరూ ఈ కిటికీ ముందు నుంచే పోవాలి. దిగేటప్పుడు దీపం ఇవ్వడం, ఎక్కి వచ్చాక తిరిగి తీసుకోవడం అతని కొలువు. చాలా ఏళ్లు తానూ లోపల బొగ్గు తట్టలు మోసినవాడే. రొమ్ములో పిల్లికూతలు మొదలయ్యాక దవాఖానా వాళ్లు చెప్పి పైన ఈ తేలిక పని ఇప్పించారు.

ఆ పొద్దు మాత్రం చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు అక్కడ లేదు. ఒకరి దీపం ఇంకొకరికి ఇచ్చేశాడు.

"ఏందే ఇస్తారన్నా, ఇది నా దీపమేనా? పెండ్లయి నెల గాలే, గప్పుడే సోయి తప్పినవా?" అన్నాడు వరసలో ముందున్న కొండల్.

కిటికీ అవతల వరసంతా నవ్వింది. ఇస్తారి కూడా నవ్వి, దీపం మార్చి ఇచ్చాడు. ఆ రోజు సాయంత్రం భార్య దేవవ్వ తమ్ముడు కొమురెల్లి వస్తాడు. వచ్చి ఒకే ఒక్క మాట అడుగుతాడు. దానికి దేవవ్వ ఏం చెబుతుందో ఇస్తారికి తెలియదు.

పెండ్లి అంటే పెద్ద పెండ్లేమీ కాదు, మారుమనువు. ఇస్తారి మొదటి భార్య తొలి కాన్పులోనే పోయింది. అప్పటి నుంచి మెస్సులో తిని, క్వార్టరులో ఒంటరిగా పడుకొని తల నెరిపించుకున్నాడు. దేవవ్వది గోదావరి ఒడ్డు పల్లె. మగడు పోయి ఆమె పుట్టింట్లోనే ఉండిపోయింది. పెద్దమనుషులు మాట కలిపారు. ఓ కొత్త చీర, అందరికీ ఇంత కల్లు, అంతటితో మనువైపోయింది. ఆమె మాత్రం నలుగురి ముందూ తెగేసి చెప్పింది: "నెలరోజులు ఉండి జూస్త. పానం ఒప్పితె ఉంట. ఒప్పకుంటె మా తమ్మునెంబడి మర్లి పోత." ఆ మాటకు ఇస్తారి తలూపాడు. తలూపడం తప్ప మరేం తెలుసు అతనికి?

ఈ నెలంతా ఆమె పానం ఒప్పలేదన్నది కళ్లున్న ఎవరికైనా తెలుస్తుంది. పొద్దున ఉతికి ఆరేసిన చీర మీద పగటికల్లా బొగ్గు మసి. నల్లా కింద బిందెల కొట్లాట. ఆమె ఎవరితోనూ కొట్లాడేది కాదు. గడపలో కూర్చొని ఎటో చూస్తుండేది. ఒకసారి మాత్రం పక్కింటి బాలవ్వతో అంటుంటే ఇస్తారి విన్నాడు: "నీళ్ల సప్పుడు లేకుంట నిద్రెట్ల పడతదే? గీడ గాలి సుత ఎండిపోయి ఉంటది." ఆ మాట అతని రొమ్ములో ఇరుక్కుపోయింది.

నిన్న దేవుడే దారి చూపించాడు. బదిలీ మీద పోతున్న ఇంజనీరు సాబు ఇంటి వెనక పడేసిన సామానులో ఒక అద్దాలపెట్టె కనిపించింది. మూలలకు రేకు పట్టీలు, ఓ పక్క లప్పంతో పూడ్చిన పగులు. తోటపని చేసే హనుమండ్లు, "గిండ్ల రంగురంగుల చేపలుండేటియే. ఎండలకు సచ్చిపోయినయ్. కావాల్నంటె కొంచవో," అన్నాడు. ఇస్తారి దాన్ని పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకొని ఇంటికి తెచ్చాడు. దేవవ్వ గడపలోంచి జరిగి దారి ఇచ్చింది. అతనే బావి నీళ్లు తోడి నింపి, కారదని తేలాక రాత్రి పొద్దుపోయేదాకా దాని ముందే కూర్చున్నాడు. ఇంట్లో నీళ్లయితే వచ్చాయి. ఇక చేపలు రావాలి.

ఇక్కడే మనవాడి తిప్పలు మొదలయ్యాయి. పుట్టుక బెస్తల ఇంట్లోనే. కానీ చంటిపిల్లవాడిగా ఉన్నప్పుడే తండ్రి వల అటక మీద పడేసి ఇల్లందు బొగ్గుబాయిలకు వచ్చాడు. అక్కడి నుంచి బెల్లంపల్లి. అందుకని ఇస్తారికి చేపలతో పరిచయం అంతా కంచంలోనే. ఏది రుచి, దేనికి ముల్లు తక్కువ అంటే గడగడా చెబుతాడు. అవి నీళ్లలో ఎలా బతుకుతాయో ఎన్నడూ చూసినవాడు కాదు.

షిఫ్టు దిగీదిగగానే కుండ పట్టుకొని అంగడికి ఉరికాడు. అంగట్లో చేపలు రాసులు పోసి ఉన్నాయి గానీ అన్నీ చచ్చినవే. తొట్టి నీళ్లలో కొట్టుకుంటున్నవి మాత్రం కొర్రమట్టలు. చేపల్లో కొర్రమట్టను మించింది లేదు, ధరా దానిదే ఎక్కువ, చుట్టం వస్తే పెట్టేది అదే. ఇంటికి తెచ్చుకున్న ఆడమనిషికి అంతకన్న తక్కువది ఎలా ఇస్తాడు? జానెడు పొడవున్న నల్లని కొర్రమట్టను ఏరుకున్నాడు. దానికి తోడు తొట్టి అడుగున చిక్కుకున్న చిన్న చేపలు నాలుగైదు అడిగి కుండలో వేయించుకున్నాడు. తోవ పొడుగునా కుండలో నీళ్లు తొణుకుతుంటే అతని కాళ్లు నేల మీద నిలవలేదు. ఎదురైన ప్రతివాడికీ కుండ వంచి చూపించాడు.

ఇంట్లో దేవవ్వ బట్టలు మడత పెడుతోంది. ఆ మడతలు చూడగానే అతని ఉత్సాహం ఒక్క క్షణం జారిపోయింది. అయినా తమాయించుకొని కుండ ఆమె ముందు దించాడు.

"ఇగో, నీకే తెచ్చిన. అద్దాలపెట్టెల ఏద్దాం. కొర్రమట్ట! అంగడిల గిదే పిరం."

దేవవ్వ కుండలోకి తొంగి చూసింది. కుండలో కొర్రమట్ట ఒక్కటే ఉంది. దాని నోట్లోంచి ఒక చిన్న చేప తోక బయటికి వచ్చి ఇంకా ఆడుతోంది. తక్కినవి ఏమయ్యాయో అడగాల్సిన పని లేదు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని ఇస్తారి కంగారు పడేలోగా కొంగు జారి నవ్వు బయటపడింది. ఈ నెలలో అతను వినని నవ్వు. పొట్ట పట్టుకొని, గోడకు జారగిలబడి, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"బెస్తోనింట్ల పుట్టినవా నువ్వు, బొగ్గుల పుట్టినవా? గిది పిరమైందని తెచ్చినవా? గిది గిన్నెల పిరం గని, నీళ్లల్ల దొంగముండ. దీన్ని ఎవ్వలతోటి కలిపినా ఎవ్వల్ని బతకనియ్యది!"

"మరి ఏవి తేవాలె?" అన్నాడు ఇస్తారి. సిగ్గుతో చెవులు ఎర్రబడినా ఆ నవ్వు ఆగిపోతే బాగుండదనిపించింది.

దేవవ్వ అద్దాలపెట్టె వైపు చూసింది. నిన్నటి నుంచి దాన్ని సరిగా చూడడం అదే మొదలు. మడత పెడుతున్న చీర పక్కకు పడేసి లేచింది.

"గీడ వాగున్నదా?"

వాగు ఊరి బయట తుమ్మచెట్ల అవతల ఉంది. చీర చెంగు బిగించి ఆమె ముందు నడుస్తుంటే, కుండ ఎత్తుకొని ఇస్తారి వెనక నడిచాడు. వాగు కనబడగానే ఆమె నడక మారిపోయింది. ఒడ్డు దిగి మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఊపిరి గుండెల నిండా పీల్చుకుంది. పాత పంచె చెరో కొస పట్టుకొని ఇద్దరూ నీళ్లను వడపోశారు. అతను పంచెను పైకి గుంజితే చేపలు జారిపోయేవి. ఆమె కేకలేసేది. "అట్ల గాదయ్యా, నిమ్మలంగ! నీళ్లకు తెలుస్తనే ఉండద్దు!" చివరికి పంచెలో తెల్లగా ఏదో తళుక్కుమనేసరికి ఇస్తారి చిన్నపిల్లవాడిలా కేక పెట్టాడు.

"ముందుగాల నోరు జూడాలె," అంది దేవవ్వ, దొరికినవాటిని తడి అరచేతిలో ఒక్కొక్కటే ఎత్తి చూస్తూ. "పక్కదాన్ని మింగే నోరుంటె పనికి రాదు. ఇగో గియి పరకలు. మీది నీళ్లల్ల తిరుగుతయి. ఒక్కదాన్ని ఏస్తె బుగులుతోటి సస్తది, గుంపు ఏయాలె."

"గిదో?" అన్నాడు అతను, మీసాలున్న ఒక జెల్ల పిల్లను చూపించి.

"అద్దు. గిప్పుడు గిట్లనే సాధుతీరు ఉంటది. చీకటి పడ్డంక చిన్నయాటిని ఎతుకుతది. ఇడిసిపెట్టు."

తోక దగ్గర నల్లచుక్క ఉన్న పరిగెలు కొన్ని కుండలోకి చేరాయి. అవి నడిమి నీళ్లలో తిరుగుతాయట, ఏది వేసినా తింటాయట. ఇస్తారికి ఆశ పెరిగింది. ఇంకా, ఇంకా అని పంచె ముంచబోయాడు. ఆమె అతని చేయి పట్టి ఆపింది. ఈ నెలలో ఆమె తనంతట తాను అతన్ని తాకడం అదే మొదటిసారి.

"సాలు. గా పెట్టెకు గిన్నే. ఇరుకుల ఏస్తె మంచియి సుత ఒకదాన్నొకటి పొడుసుకుంటయి."

చివరగా ఒడ్డు వారన ఇసుకలో వేలంత చేపొకటి దొరికింది. ఒంటి నిండా చారలు, మూతికి చిన్న చిన్న మీసాలు. కుండలో వేయగానే అడుక్కుపోయి కదలకుండా కూర్చుంది.

"గిది అడుగున ఇసుకల పడుంటది. పైన రాలిన మెతుకు తింటది. ఎవ్వల జోలికి పోదు," అంది దేవవ్వ.

"అంటె నా తీరు," అన్నాడు ఇస్తారి.

ఆమె అతని మొహంలోకి చూసింది. దానికీ నవ్వింది, కానీ ఈసారి మెల్లగా.

మర్లి వచ్చేటప్పుడు ఒడ్డు ఎక్కుతుంటే అతనికి ఆయాసం వచ్చింది. తుమ్మచెట్టుకు చేయి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఆమె కుండ తన నెత్తికెత్తుకుంది. "జర ఆగి పోదాం," అంది. "ఆగితె ఎట్ల, కుండల చేపలు పరేషాన్ అయితయి," అంటూ అతనే ముందు నడిచాడు. అంత సంబరం రొమ్ములో పట్టక పిల్లికూతలు కూడా మరిచిపోయాడు.

ఇంట్లో పని అంతటికీ దేవవ్వదే పెత్తనం. బావి నీళ్లు సగం పారబోయించి వాగు నీళ్లు కలిపింది. అడుగున కడిగిన ఇసుక పరిపించింది, వాగులోంచి తెచ్చిన నాచు కుచ్చు ఒకటి నాటింది. కుండనే పెట్టెలోకి మెల్లగా ఒరిగించి చేపలను వాటంతటవే పోనిచ్చింది. పరకలు తెల్లగా మీదికి లేచాయి. పరిగెలు నాచు చుట్టూ తిరిగాయి. చారలది ఇసుకలో దూరి మీసాలు మాత్రం బయట పెట్టింది. బాలవ్వ తన పిల్లలందరినీ వెంటబెట్టుకొని వచ్చి చూసింది, గుమ్మం దగ్గర ఇరుగుపొరుగు తోసుకున్నారు. ఒక్క చేపా ఇంకోదాని జోలికి పోలేదు. ఇస్తారి అందరికీ చెప్పిందే చెప్పాడు: "ముందుగాల నోరు జూడాలె."

కొమురెల్లి వచ్చేసరికి కొర్రమట్ట పొయ్యి మీద ఉడుకుతోంది. గట్టి చేతుల మనిషి, మొహమాటం తెలియదు. పోచంపాడు దగ్గర గోదారికి కట్ట కడతారట, ఇక కిందికి నీళ్లెట్ల వస్తాయో అని బాధపడ్డాడు. అద్దాలపెట్టెలోకి ఒక చూపు చూసి, "గియి వండుకోరా?" అని అడిగాడు. కడుపు నిండా తిన్నాడు. చేయి కడుక్కొని అడగవలసింది అడిగాడు.

"ఏమంటవక్కా? బస్సుకు యాళ్లయితుంది. బట్టలు సదురుకున్నవా?"

ఇస్తారి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. బాయి లోపల పైకప్పు కిర్రుమన్నప్పుడు కూడా అతనికి అంత భయం వేయలేదు.

దేవవ్వ అద్దాలపెట్టె ముందు నుంచి కదలలేదు, తల కూడా తిప్పలేదు.

"నేనేడికి వస్తరా? నీళ్లు మార్చుడు గీయనకు వస్తదా? కొర్రమట్టను దెచ్చి గీటి నడుమ ఇడువ జూసిండు."

"అంటె ఉంటవా?"

"ఉంట. పానం ఒప్పిందని అవ్వకు చెప్పు."

ఇస్తారి కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు, తుడుచుకుంటే వాళ్లు చూస్తారని. ఇన్నేళ్లూ ఎందరికో దీపాలు అందించాడు గానీ, తన కోసం ఒకరు ఇంట్లో ఉంటామని అన్నది ఇప్పుడే.

ఇక పొద్దున బస్సుకే పోతానని కొమురెల్లి చుట్ట ముట్టించుకొని వాకిట్లోకి పోయాడు. దేవవ్వ కందిలి వెలిగించి అద్దాలపెట్టె వెనక పెట్టింది. గోడ మీద నీళ్ల నీడ కదిలింది. చేపలు వెలుగులో బంగారు రేకుల్లా మెరిశాయి.

"చూసినవా? పరకలన్నీ ఒక్క దిక్కే మూతి పెట్టినయ్," అంది ఆమె.

"ఊఁ," అన్నాడు ఇస్తారి.

"నీ తీరుది ఇసుకలకెల్లి బయటికొచ్చింది. మెతుకు ఎతుకుతుంది."

"ఊఁ."

"రేపు నీ డ్యూటీ అయినంక మల్ల వాగుకు పోదాం. ఇంకింత నాచు తేవాలె. పోదామా?"

జవాబు రాలేదు. పొద్దంతా తిరిగాడు, కునుకు పట్టి ఉంటుందనుకుంది. ఇంకో మాట కూడా చెప్పింది. అప్పుడు వెనక్కి తిరిగి చూసింది. అతను గోడకు ఆనుకొని అట్లాగే ఉన్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి, చేపల వైపే ఉన్నాయి. రొమ్ములో పిల్లికూతలు వినిపించడం లేదు.

దేవవ్వ దగ్గరికి పోయి అతని చేయి పట్టుకుంది. చాలాసేపు పట్టుకునే ఉంది. మొదటి మగణ్ణి పోగొట్టుకున్న నాడు గుండె బాదుకొని ఏడ్చిన మనిషి ఈసారి అరవలేదు. అతని కళ్లు మూసింది. కొంగుతో అతని చెంపల మీది తడి తుడిచింది.

"బావా! జర బయటికి రారాదు, సల్లగున్నది!" వాకిట్లోంచి కొమురెల్లి పిలిచాడు.

"మెల్లగ పిలువురా," అంది దేవవ్వ. అని, ఇస్తారి పక్కనే గోడకు ఆనుకొని కూర్చుంది.

గడప అవతల ఇస్తారి చెప్పులు విడిచినవి విడిచినట్టే ఉన్నాయి, వాటికంటిన వాగు ఇసుక ఇంకా తడారలేదు.