హమాలీ నడుము

ఈ ఫ్యానుకు నూనె వేసే నాథుడే లేడు కాబోలు, కిర్రు కిర్రుమంటూనే తిరుగుతోంది, అనుకున్నాడు ఖాజా పాషా బల్ల మీద వెల్లకిలా పడుకుని, మత్తు మాన్పించే దవాఖానలో డాక్టరున్నాడు, కూర్చోబెట్టి మాట్లాడించే మేడమ్ ఉంది, ఇక కసరత్తు చేయించడానికి ఈ ఫిజియోథెరపీ పిల్ల సౌమ్య కూడా దేనికని మొదట్లో నవ్వుకున్నాడు, మత్తు గోలీలు మింగేవాడికి కసరత్తేమిటి, కానీ ఆమె ఒక్క మాటే అడిగింది, గోలీ మొదాలు ఎందుకేస్కున్నవ్ అన్నా, నడుము నొప్పికే గదా, మరి ఆ నొప్పి అట్లనే ఉంటె గోలీ ఎట్ల ఇడుస్తవ్, ఆ మాటకే అతను బల్ల ఎక్కాడు, ఇప్పుడు ఆమె అతని కుడి మడమ కింద చెయ్యి పెట్టి కాలును మెల్లగా పైకి లేపుతోంది, మోకాలు వంచకు అంటోంది, లేస్తున్న కొద్దీ నడుము నుంచి పిక్క దాకా ఏదో తీగ లాగుతోంది, కిటికీలోంచి చూస్తే రోడ్డవతల మెడికల్ షాపు, షాపాయన తెలిసినవాడే, డాక్టరు చీటీ అడగడు, చెయ్యి చాస్తే చాలు, కాసేపట్లో ఈ తీగ ఉన్న సంగతే మరిచిపోవచ్చు, కానీ భార్య అనీస్ బేగం చెప్పేసింది, ఇగ ఒక్క గోలీ ముట్టినా నేనూ మహెక్ మరిపెడల మా అమ్మగారింటికి పోతం, మల్ల రాం, బిడ్డకు రొట్టె కాలుస్తూ చెప్పింది, అరిచి చెప్పి ఉంటే అతను ఇంత భయపడేవాడు కాదు.

మిర్చి యార్డులో హమాలీ నోట నొప్పి అనే మాట రాకూడదు, ఎవరూ రాసి పెట్టని కట్టుబాటు అది, నడుము పట్టిందన్నవాణ్ణి మేస్త్రీ పక్కన కూర్చోబెడతాడు, మర్నాడు లారీ దగ్గరికి పిలవడు, వాడి జాగాలో ఇంకొకడు నిలబడతాడు, అందుకే బస్తా కింద అందరూ పళ్లు బిగించి నవ్వుతారు, చూసేవాళ్లు ఎంత హుషారు మనుషులో అనుకుంటారు, ఒక సీజన్‌లో లారీ పలక ఎక్కుతుంటే నడుము పట్టేసి పాషా ఆగిపోవడం చూసి, పక్కన నడిచే మొగిలయ్య చెవిలో అన్నాడు, ఒక్కటేస్కో పాషా భాయ్, బస్తా దూదిపింజ లెక్కయితది, నిజంగానే అయింది, కొన్నాళ్లకు ఒక్కటి చాలలేదు, ఇంకొన్నాళ్లకు పని లేని రోజు కూడా గోలీ పడకపోతే ఒళ్లంతా చెమట, వణుకు, మొగిలయ్య మీద కోపం లేదు, పాపం, తన దగ్గరున్న మందే తాను పంచాడు.

పోయిన వారం చేసిన పని తలుచుకుంటేనే సిగ్గు, మూలిగితే ఈ పిల్ల కూడా తనను పక్కన పెడుతుందనుకున్నాడు, యార్డు బుద్ధి ఎక్కడికి పోతుంది, దొంగచాటుగా గోలీ వేసుకుని వచ్చాడు, ఎక్కడన్న నొస్తాందా అన్నా అంటే లేదమ్మా అన్నాడు, ఆమె నమ్మి ఇంకాస్త వంచింది, అతను విల్లులా వంగాడు, మెచ్చుకుంది కూడా, తెల్లారి మంచం దిగలేకపోయాడు, అనీస్ భుజం పట్టుకుని బాత్రూముకు నడిచాడు, కొరివితో తల గోక్కోవడమంటే ఇదే, అతని జేబులో గోలీల అట్ట చూసిన అనీస్ దవాఖానకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది, ఆ తర్వాతే మరిపెడ మాట వచ్చింది, సౌమ్య మాత్రం తిట్టలేదు, నువ్వు నొప్పి దాస్తె నా చేతులకు కండ్లు పోతయ్ అన్నా, ఏడ ఆగాల్నో నాకెట్ల తెలుస్తది, అని మాత్రం అంది.

కాలు ఇంకా లేస్తోంది, తీగ నిప్పులా మండుతోంది, పళ్లు వాటంతటవే బిగుసుకున్నాయి, మొహం మీదికి ఆ పాడు నవ్వు వచ్చి కూర్చుంది, ఎట్లుంది అన్నా, మంచిగనే ఉంది, ఆ మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది, అనేసి బల్ల దిగితే రోడ్డు దాటడమే తరువాయి, అవతల అనీస్ లేని ఇల్లు, మహెక్ లేని ఇల్లు, నొస్తాంది, అన్నాడు, ఆ గొంతు తనదేనా అనిపించింది, మళ్లీ గట్టిగా, నొస్తాందమ్మా, బాగ నొస్తాంది, ఆగు, ఆమె చెయ్యి అక్కడికక్కడే ఆగింది, మొహం చిట్లించలేదు, ఇంకొకణ్ణి పిలవలేదు, శాబాష్ అన్నా, ఇగ ఈడికెల్లే మొదలుపెడదాం, జర ఊపిరి ఇడువు, అంటూ కాలును కొంచెం కిందికి దించింది, ఆ మాత్రానికే తీగ కాస్త సడలింది, పాషాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు, నొప్పి పోలేదు, రేపూ ఉంటుంది, వానాకాలం దాకా ఉన్నా ఉంటుంది, కానీ ఇన్నేళ్లూ గోలీ మింగింది నడుము కోసమే కాదని, ఈ ఒక్క మాట నోరు దాటితే బతుకే పోతుందన్న భయంతోనని, తీరా దాటాక ఏమీ పోలేదని అతనికి అర్థమైంది.