రగ్గుల గది పాట

చివరి దుప్పటి ఇస్త్రీ చేసి, చేతులు తుడుచుకుని అతను రగ్గుల గదిలోకి వెళ్లాడు. లాండ్రీ బావమరిదిది. భోజనాల వేళ మిషన్లు ఆపితే ఆ గంట మాత్రం ఇతనిది. నేల నుంచి కప్పుదాకా ఊరందరి రగ్గులు మడతపెట్టి ఉంటాయి. బయటి చప్పుడు లోపలికి రాదు. వాటి మధ్య ఒక స్టూలు, దాని మీద అరచేతంత రికార్డింగు మిషను. పక్కన కుర్చీలో కూర్చుని, కాలిన మచ్చలున్న వేళ్లతో క్లారినెట్టు బిగించుకున్నాడు.

ఒకప్పుడు పాటల కంపెనీవాళ్లు ఇతని పాటను రికార్డుగా వేస్తామన్నారు. వెనక డ్రమ్ములు కలపాలన్నారు, నడిమి భాగం కోసెయ్యాలన్నారు. ఇతను ససేమిరా అన్నాడు. జీతంలో మిగిల్చుకుని సొంతంగా మిషను కొన్నాడు. ఇక ఆడింది ఆట, పాడింది పాట. చిక్కల్లా అక్కడే వచ్చింది. ఇక చాలు అనేవాడు లేడు. రోజూ వాయిస్తాడు, వింటాడు, మొహం చిట్లించి చెరిపేస్తాడు. నలుగురికీ వినిపించాలనుకున్న పాటను నలుగురి రగ్గులే విన్నాయి. కంపెనీ చేతిలో పడితే పాట పాడయ్యేదేమో గాని తను దాన్నుంచి బయటపడేవాడు అని అప్పుడప్పుడు అనిపించేది. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చేది.

బావమరిది తలుపు దగ్గర నిలబడ్డాడు. “బావా, ఇవాళైనా ఉంచుతావా, ఇదీ ఉతికేస్తావా?”

“సరిగ్గా వస్తే ఉంచుతా.”

“వచ్చిందని ఎవరు చెప్పాలి?”

అతను తలుపు వేసుకున్నాడు.

కౌంటరు దగ్గర బట్టలకు గుర్తు చీటీలు కుడుతున్న భార్యకు తలుపు సందులోంచి పాట సన్నగా వినిపించింది. రాగం కిందికి దిగే చోట రోజూ అతనికి ఊపిరి చాలదు. ఇవాళ చాలింది. ఆమె సూది ఆపి చివరిదాకా విన్నది. లోపల అతను క్లారినెట్టు ఒళ్లో పెట్టుకుని రగ్గులకు ఆనుకున్నాడు. కాస్త అలుపు తీరాక విందామనుకున్నాడు.

“ఏమండీ, మిషన్లు వేస్తున్నారు. వచ్చెయ్యండి,” అంటూ ఆమె తలుపు తీసింది. భుజం మీద చెయ్యి వేసింది. అతని తల పక్కకు వాలిపోయింది. అతను పోయాడని ఆమెకు అర్థమైంది. తమ్ముణ్ణి కేకేసింది.

పరుగున వచ్చిన తమ్ముడు మిషను వైపు చూసి, “అక్కా, అది ఇంకా తిరుగుతోంది. ఆపనా?” అన్నాడు.

“వద్దురా. ఏది ఆపేదో, ఏది చెరిపేదో మనకేం తెలుసు?”

అతన్ని తీసుకెళ్లారు. గది ఖాళీ అయింది. స్టూలు మీద, అక్షరాలు అరిగిపోయిన బటన్ల పక్కన, మిషను ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది.