ఖాళీ గుంటల్లో ఊదా రంగు

నేను రాత నేర్చుకున్నది ముసలితనంలో. అక్షరాలు తప్పితే సరిదిద్దుకుని చదవండి. నాకు ఒక్క వాక్యానికి ఒక పూట పడుతుంది.

పళ్ళు పుచ్చిపోకుండా ముందుగానే పూసే పూతను మా కోడలు తయారుచేసింది; మా చిన్నకూతురికి ఆమె వదిన. అందులో కంటికి ఆనని వెండి నానో రేణువులు కలిపింది. అవి చిగుళ్ళకు హాని చేస్తాయో లేదో తేల్చే పని మరదలిది. ఇద్దరిదీ ఒకే ప్రయోగశాల, ఎదురెదురు గదులు. మరదలు సరేనంటే మర్నాడు వదిన ఆ పూతను మొట్టమొదట తన కూతురి పళ్ళకే పూస్తుంది.

చిన్న చిన్న గుంటలున్న పళ్ళెంలో చిగుళ్ళ కణాలు పెంచి, పూత నానబెట్టిన నీళ్ళు పోసి, పైన పసుపు మందు వేస్తారు. బతికున్న కణాలు దాన్ని ఊదాగా మారుస్తాయి. ఎంత ఊదా అయితే అంత ప్రాణం.

ఆ రోజు పళ్ళెం చూసి మరదలు కనుబొమలు ముడిచింది. రేణువులు ఎక్కువ పడ్డ గుంటలే చిక్కటి ఊదాగా ఉన్నాయి. అసలు పూతే తగలని కణాలకన్నా!

“చూశావా, నా పూత తగిలితే చిగుళ్ళు కూడా ఒళ్ళు చేస్తాయి,” అంది వదిన గుమ్మంలోంచి. “ఇక సంతకం పెట్టు తల్లీ.”

“ఉండు వదినా. మరీ ఇంత బాగుంటే నాకు నిద్ర పట్టదు.”

“మీ వంశమే అంత. మీ అన్నయ్యా అంతేగా, కూర బాగుంటే ఇందులో ఏం తక్కువైందని అడుగుతాడు.”

మరదలు నవ్వింది గానీ చేతులు ఆగలేదు. ఇంకో పళ్ళెం తీసి, కణాలు లేని ఒట్టి గుంటల్లో రేణువుల నీళ్ళు పోసి, పసుపు మందు వేసి మూతపెట్టింది.

“ఎవరూ లేని ఇంటి తలుపు కొడతావేమే?”

“ఎవరైనా పలుకుతారేమోనని.”

మధ్యాహ్నం మూత తీస్తే గుంటలన్నీ ఊదా! రేణువులే మందుతో కలిసి రంగు తెప్పించాయి. కణాలు బతికాయో చచ్చాయో ఆ రంగు చెప్పనేలేదు. వదిన మొహం వాడిపోయింది.

“అంటే నా పూత విషమా?”

“అలా అనలేదు. మనకింకా తెలియదంటున్నాను.”

 వదిన కూతురికి ఫోన్ చేసి, “రేపు పళ్ళ పని లేదు, బడికెళ్ళు,” అంది. అవతలి గొణుగుడు పూర్తిగా వినకుండానే పెట్టేసి, పూత నీళ్ళు మాత్రమే పోసిన, పసుపు మందు వేయని మరో కణాల పళ్ళెం తెచ్చి, స్టూలు లాక్కుని మైక్రోస్కోపు ముందు కూర్చుంది.

“కళ్ళతోనే చూద్దాం. చచ్చినవి ఎలా ఉంటాయి?”

“గుండ్రంగా ముడుచుకుపోయి, గుంట అడుగు వదిలేసి తేలుతుంటాయి.”

వదిన కళ్ళు ఆనించింది. “ఇక్కడ కొన్ని తేలుతున్నాయే... ఇవెందుకు పోయాయి, పక్కవెందుకు పోలేదు?”

“జరుగు, నన్నూ చూడనీ,” అంది మరదలు.

— బుల్లమ్మత్త, అరవై తొమ్మిదేళ్ళు, ఇప్పుడు చిన్నకూతురి ఇంట్లో