చేతికర్ర లేని రోజు

మా నాయినకు కుంటడం నేర్పింది నేనే.

ఆయనకు రోగం లేక కాదు. ముప్పై ఒక్క ఏళ్ళు బొగ్గుబాయిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశాడు. నడుములో పూసలు అరిగిపోయాయి. ఛాతీ ఎక్స్‌రే చూసిన ప్రతి డాక్టరూ పెదవి విరిచాడు. కానీ మా కాలనీలో రోగం ఉంటే చాలదు, కనపడాలి. మెడికల్ బోర్డు వాళ్ళు ఆయన్ని అన్‌ఫిట్ అని రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కి, అంటే నాకు వస్తుంది. అదీ ఇంకా రెండేళ్ళ సర్వీసు మిగిలి ఉండగానే రాయాలి. ఆ గడువుకి మాకు ఏడాది కూడా లేదు.

నేను సారపాక పేపరు మిల్లులో కాంట్రాక్టు లేబరుని. లారీల మీద వచ్చిన జామాయిల్ దుంగలు దించుతాను. తండ్రి దుంగలు నిలబెడితే కొడుకు దించుతాడు, మా వంశానికి కట్టె తప్ప ఇంకోటి రాసిపెట్టలేదు. పదకొండేళ్ళ నుంచీ పర్మినెంటు, పర్మినెంటు అని జపం చేస్తూ బతుకుతున్నాను.

అందుకే భద్రాచలంలో ఒక చేతికర్ర కొనుక్కొచ్చి నాయిన చేతిలో పెట్టాను. "ఇంట్ల ఎట్లన్న నడువ్. గడప దాటితే మాత్రం దీని మీద బరువేసి నడువాలె. సందు మొదట్ల రెండుసార్లు ఆగి దగ్గాలె" అని చెప్పాను. ఆయన తల దించుకుని విన్నాడు. "నిజంగనే నొస్తుంటే మళ్ళ యాక్టింగ్ ఏందిరా" అన్నాడు. అన్నాడే గానీ నేను చెప్పినట్టే నడిచాడు. ఎనిమిది నెలలు కాలనీ మొత్తం ఆయన కర్ర చప్పుడు వింది.

ఎదురింటి శ్రీనివాస్ మామ కూడా అదే నెలలో బోర్డుకు పెట్టుకున్నాడు. నాయినా ఆయనా ఒకే రోజు బాయిలో చేరినవాళ్ళు, ఒకరి సద్ది ఒకరు తిన్నవాళ్ళు. బోర్డు ఈసారి కొంతమందినే అన్‌ఫిట్ చేస్తుందట అని ఎవడో పుకారు లేపాడు. ఆ రోజు నుంచి ఇద్దరూ పొద్దున్నే అరుగుల మీద కూర్చుని ఎవరి దగ్గు వాళ్ళు దగ్గేవాళ్ళు.

మరి బోర్డు ముందుపెట్టుకుని టూరేమిటని ఇప్పుడు దారిన పోయే ప్రతివాడూ అడుగుతున్నాడు. కంపెనీ నాలుగేళ్ళకోసారి ఇచ్చే టూరు అది. నాయిన అన్‌ఫిట్ అయిపోతే అదీ పోతుంది. అమ్మ పుట్టింది ఏన్కూరులో, చూసిన పెద్ద నీళ్ళు భద్రాచలం గోదావరి. "జీతమంతా బాయికే పాయె. ఒక్కపారి సముద్రం చూపియ్యి బిడ్డా" అంది. అండమాన్ అయితే మనవాళ్ళెవరూ ఎదురుపడరని నేనే ఆలోచించి చెప్పాను. నాయిన, అమ్మ, నేను, నా భార్య శ్రీదేవి, మా ఆరేళ్ళ కూతురు హర్షిత. అయిదుగురం బయల్దేరాం. స్టేషనులో రైలు కదిలేదాకా నాయిన కర్ర వదల్లేదు, దగ్గు మానలేదు.

ఆ దీవి గురించి ఎంత చెప్పినా తక్కువే. కొబ్బరి చెట్లు నీళ్ళ మీదికి వంగి ఉంటాయి. ఇసుక బియ్యప్పిండిలా ఉంటుంది. చేయాల్సిన పని ఒక్కటీ ఉండదు. మొదటి రోజు అమ్మ తెల్లారగానే లేచి, సద్ది కట్టాల్సిన పని లేక ఏం చేయాలో తోచక హోటలు దుప్పట్లు మడతలు పెట్టింది. నాయిన మొదటి షిఫ్టు టైముకి లేచి కూర్చున్నాడు. ఒడ్డుకు పోయేటప్పుడు కూడా కర్ర పట్టుకుని, నాలుగడుగులకోసారి వెనక్కి చూస్తూ నడుస్తుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఈడ ఎవరు చూస్తరు నాయినా? ఆ కర్ర గట్ల పడెయ్" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. నిజమేనా అన్నట్టు చూశాడు. కర్రని కొబ్బరి చెట్టుకు ఆనించాడు. హర్షిత చెయ్యి పట్టుకుని లాగింది, "తాతా, ఉరుకు!" అని. ఆయన ఉరికాడు. మా నాయిన ఉరకడం నా జన్మలో నేను చూడలేదు. బనీను, లుంగీ, బొగ్గు మరకలు పోని కాళ్ళు. అల దాకా ఉరికి, వెల్లకిలా నీళ్ళలో పడి తేలాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"కిషోరూ! నడుము నొప్పి లేదురా! నడుమే లేనట్టున్నదిరా!" అని అరిచాడు.

నేను ఫోన్లో తీశాను. ఇరవై ఆరు సెకన్లు. తీసి ఊరుకున్నానా? కాలనీలో ప్రతి పర్మినెంటు వాడూ గోవా పోతే గోవా, ఊటీ పోతే ఊటీ అని స్టేటస్ పెడతాడు. పదకొండేళ్ళు అవన్నీ చూసి కడుపు మండినవాణ్ణి. ఒక్కరోజు నాకూ చూపించుకోవాలనిపించింది. ఎనిమిది నెలలు మా నాయినకు కుంటడం నేర్పిన నేనే, ఆయన ఉరికే వీడియోని స్టేటస్‌లో పెట్టాను. అక్కడ సిగ్నల్ లేదు. గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది, నేనూ మరిచిపోయాను. సాయంత్రం పడవల రేవుకొచ్చేసరికి సిగ్నల్ తగిలి అదే వెళ్ళిపోయింది. బుద్ధి తెచ్చుకుని పొద్దున తీసేశాను. ఫోన్లోంచి కూడా తుడిచేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే.

ఇంకో సంగతి. మర్నాటి నుంచి తిరుగు ప్రయాణం దాకా నాయిన మంచం దిగలేదు. ఆ ఉరుకుకి నడుము పట్టేసింది. ఊపిరాడక దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. అమ్మ వేడినీళ్ళ కాపడం పెడుతూనే ఉంది, సముద్రం కిటికీలోంచి చూసింది. అది నేను వీడియో తీయలేదు. రోగాన్ని ఎవడు స్టేటస్ పెట్టుకుంటాడు?

బోర్డు రోజు పెద్ద దవాఖానాలో నాయినను రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. ఆ రోజు యాక్టింగ్ అవసరమే లేకపోయింది, నిజంగానే అడుగు పడటం లేదు. ముగ్గురు డాక్టర్లు ఉన్నారు. మధ్యలో ఉన్నాయన ఎక్స్‌రే పక్కన పెట్టి నెమ్మదిగా అడిగాడు.

"అండమాన్ ఎట్లుంది వెంకన్నా?"

నా చేతిలో నాయిన రెక్క బిగుసుకుపోయింది. డాక్టరు ఫోను మా వైపు తిప్పాడు. అల చప్పుడు, హర్షిత నవ్వు, దాని మీద మా నాయిన గొంతు: నడుము నొప్పి లేదురా! ఆ గదిలో అది ఎంత గట్టిగా వినపడిందో చెప్పలేను. మర్నాడు లేవలేదు సార్, మూడు రోజులు మంచంలోనే ఉన్నాడు సార్ అని నేను ఏదేదో వాగాను. నాయిన మాత్రం, "మంచిగున్నది సార్" అన్నాడు. ఆయన అడిగింది అండమాన్ గురించే కదా.

ఫిట్ అని రాశారు. గడువులోపల ఇంకో బోర్డు లేదు. అదే రోజు శ్రీనివాస్ మామ అన్‌ఫిట్ అయ్యాడు. బయట బెంచీ మీద ఆయన మా ముఖాలు చూడలేక గోడ మీది కాగితం చదివాడు. ఎవరు పంపారో నేను అడగలేదు. అడిగేదేముంది, నా చేత్తో నేనే ఊరంతా పంచాను.

నాయిన మళ్ళీ బాయికి పోతున్నాడు. ఫిట్ అయినవాడు కర్రతో హాజరు మస్టరుకు పోతే నవ్వుతారని కర్ర ఇంట్లోనే వదిలేశాడు. ఇప్పుడు నిజంగా కావాలి అది, ఇప్పుడే పట్టుకోడు. గోడలు పట్టుకుని నడుస్తాడు. నన్ను తిడితే బాగుండేది. శ్రీదేవి కూడా తిట్టలేదు, పొద్దున్నే నాకు సద్ది కట్టి సారపాక బస్సుకు తోలుతుంది.

మొన్న ఆదివారం అన్నం తింటూ నాయిన అడిగాడు. "ఆ వీడియో ఉన్నదారా?"

"తీసేసిన నాయినా."

చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అయ్యో. నేను ఉరికింది అదొక్కటేగా" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. లేచి చెయ్యి కడుక్కుని ఎదురింటికి పోయాను. శ్రీనివాస్ మామ కొడుకు కొత్త యూనిఫారం దండెం మీద ఆరుతోంది. మామ అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి దగ్గబోయి, ఇప్పుడు అవసరం లేదని గుర్తొచ్చిందేమో, ఆపుకున్నాడు.

"కొట్లాటకు రాలే మామా. నాయిన చూస్తనంటున్నడు. నీ దగ్గరుంటే పంపు" అన్నాను.

ఆయన చాలాసేపు ఫోన్లో వెతికాడు. పంపి, "మీ నాయినకు..." అని ఏదో అనబోయాడు. నేను వినకుండా వచ్చేశాను. వింటే కొట్టేవాణ్ణేమో, లేకపోతే ఏడ్చేవాణ్ణి.

నాయిన ఫోను రెండు చేతులతో పట్టుకుని చూశాడు. అయిపోతే మళ్ళీ పెట్టమన్నాడు. అమ్మ పక్కన చేరింది. మూడుసార్లు చూశారు. మూడోసారి నవ్వబోతే దగ్గొచ్చింది ఆయనకు, దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకుని ఫోను నాకిచ్చాడు.

"ఆళ్ళ తప్పేమున్నదిరా. గిది చూస్తే నేనైనా ఫిట్ అనే రాస్త" అన్నాడు.