పడుకునే నిక్కర్లు, తిరిగే నిక్కర్లు

ఉద్యోగంలో చేరిన రోజు నింపమన్న కాగితంలో ‘తండ్రి వృత్తి’ అన్న గడి దగ్గర ఆమె కలం కాసేపు తటపటాయించింది. చివరికి ‘వ్యాపారం’ అని రాసి గబగబా పేజీ తిప్పేసింది. నిజానికి నాన్న టైలరు. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. కుట్టుమిషను చప్పుడు వింటూనే ఆమె అక్షరాలు దిద్దింది, పరీక్షలకు చదివింది. బళ్ళో పిల్లలు ‘కత్తెర కూతురు’ అని ఏడిపించిన నాటి నుంచి ఆ చప్పుడంటేనే మొహం మొత్తింది. ఇప్పుడు తలుచుకుంటే దాని కోసం ప్రాణం కొట్టుకుంటుంది గానీ, ఇరవై మూడేళ్ళ వయసులో ఆ బుద్ధి ఎక్కడిది?

చేరింది కస్టమ్స్ ఆఫీసులో, బట్టల విభాగంలో. ఓడల్లో దిగిన ప్రతి సరుకూ టారిఫ్ పుస్తకంలో ఏ శీర్షిక కిందికి వస్తుందో తేల్చడం అక్కడి పని. శీర్షిక మారితే సుంకం మారిపోతుంది. అందుకే ఒక చొక్కా చొక్కాయేనా, కోటా అని తల నెరిసినవాళ్ళు రోజుల తరబడి పోట్లాడుకునేవారు. పొడుగాటి హాలు, ఎత్తయిన కిటికీలు, బల్లల మీద గుట్టలుగా బట్టలు. కొత్త గుడ్డ గంజి వాసన, అట్టపెట్టెల జిగురు వాసన కలిసి ముక్కుకు తగిలితే ఈనాటికీ ఆమె కాళ్ళు నడిచే చోటే ఆగిపోతాయి.

విభాగానికి పెద్ద, సరుకు చూసి విలువా సుంకమూ తేల్చే అప్రైజరు గారు. జేబులో ఎప్పుడూ మడత భూతద్దం ఉండేది. దాంతో నేతలో పోగులు లెక్కపెట్టేవారు. చాటున అందరూ ఆయన్ని భూతద్దం గారనేవారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, తెలియనట్టుండేవారు. మొదటి రోజే ఆమెను కూర్చోబెట్టి చెప్పారు.

“చూడమ్మా, పెట్టె మీద అట్ట అబద్ధమాడుతుంది. బిల్లు కూడా ఆడుతుంది. బట్టకి అంత తెలివి లేదు, దాన్నడుగు. ఇంకో మాట. ‘అనుకుంటున్నాను’ అని ఎప్పుడూ రాయకు. ‘చూశాను’ అని రాయి.”

మూడో నెలలో ఆమెకు సొంతంగా ఒక ఫైలు అప్పగించారు. నూటయాభై పెట్టెల నిక్కర్లు. కాగితాల మీద మాత్రం ‘పురుషుల రాత్రి దుస్తులు’ అని ఉంది. తెప్పించిన పెద్దాయన అంతకుముందు తువ్వాళ్ళు తప్ప మరొకటి దిగుమతి చేసి ఎరగడు. ఆఫీసు మొత్తానికీ ఆయన తువ్వాళ్ళాయన. ఆ ఏడు పడుకునే బట్టలకు సుంకం తక్కువ, నిక్కర్లకు ఎక్కువ. ఆమెకు వెంటనే అనుమానం వచ్చింది. మొదటి వరసలో ఒక పెట్టె విప్పింది. బూడిదరంగు గళ్ళ నిక్కరు, పక్కన జేబు. ఇంకేం కావాలి? ‘ఇవి వేసుకుని వీధిలో తిరగవచ్చు, కనుక నిక్కర్లే’ అని రాసి సంతకం గీకింది.

మర్నాడు తువ్వాళ్ళాయన రొప్పుతూ వచ్చాడు.

“మేడమ్, ఇన్నేళ్ళలో నన్నెవరూ వేలెత్తి చూపలేదు. మీరొచ్చి దొంగని చేశారు. అవి పడుకోవడానికేనమ్మా!”

“జేబుందిగా అండీ?”

“ఉంటే? నిద్రలో మనిషికి జలుబు చెయ్యదా? జేబురుమాలు ఎక్కడ పెట్టుకోవాలి?”

హాలంతా గొల్లుమంది. ఆమె మొహం కందిపోయింది. భూతద్దం గారు మాత్రం నవ్వలేదు. ఆమె రాసిన కాగితం రెండుసార్లు చదివారు.

“తిరగవచ్చు అన్నావు. దుప్పటి చుట్టుకుని కూడా తిరగవచ్చమ్మా. కుట్టినవాడు దేనికోసం కుట్టాడు? అది కదా మనకి కావలసింది. వచ్చే గురువారం విచారణ పెడతాను. ఈలోగా చూసి రాయి.”

ఈసారి ఆమె పెట్టెలన్నీ తిరిగింది. వెనక వరసల్లో గళ్ళవి కాకుండా ముదురు నీలం రంగువి కనబడ్డాయి. రిజిస్టరులో సంతకం పెట్టి రెండు రకాల్లోంచీ ఒక్కోటి తీసుకుంది. మూడు రోజులు బల్ల మీద పెట్టుకుని చూసింది. ఎంత చూసినా నిక్కర్లు నిక్కర్లలాగే కనిపించాయి తప్ప నోరు విప్పలేదు. ఇక గత్యంతరం లేక సంచిలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళింది.

నాన్న మిషను ముందు ఉన్నాడు. అమ్మ పక్కన కూర్చుని కాజాలు కుడుతోంది. కూతురు ఆ గదిలోకి పని మీద రావడం ఎన్నేళ్ళకో. నాన్న మిషను ఆపి, అడగకుండానే చెయ్యి చాచాడు.

“వీటిని చూసి ఏం చెప్పగలవు నాన్నా?”

ఆయన ముందుగా గళ్ళ నిక్కరును తిరగేశాడు. “పైన చూస్తే ఏం తెలుస్తుందే అమ్మడూ, పైవైపు అందరికీ నవ్వుతూనే కనిపిస్తుంది.” కుట్ల వెంబడి బొటనవేలు నడిపించాడు. “నడుముకి ఎలాస్టిక్ చూడు, ఒంటికి గుచ్చుకోకుండా మెత్తటి గుడ్డలో దాచాడు. ముందు చీలికకి గుండీ లేదు. కాళ్ళ మధ్య ఒంటి కుట్టు. ఇది వేసుకుని నాలుగు రోజులు బస్సెక్కి దిగితే పరువు పోతుంది. ఈ జేబు చూడు, చెయ్యి మణికట్టు దాకా కూడా పోదు. దీన్ని కుట్టినవాడు మంచాన్ని తలుచుకుంటూ కుట్టాడు.”

“అయితే నేను తప్పు రాశానా?”

“ఆగు, ఆగు.” నీలం దాన్ని అందుకున్నాడు. “ఇది వేరే కథ. జిప్పు, దాని మీద గుండీ. బెల్టుకి పట్టీలు. జేబు మూలల్లో గట్టి కుట్టు. తాళాలగుత్తి వేసినా చినగదు. ఇది తిరిగేది. రెంటినీ ఒకే కాగితంలో కలిపేశారు.”

ఆమె అవన్నీ రాసుకుంది. మర్నాడు పాత కాగితం మీద అడ్డంగా గీత కొట్టి కొత్తది భూతద్దం గారి ముందు పెట్టింది. ఆయన చదివి కళ్ళజోడు పైకెత్తారు.

“ఇది నీ మాట కాదు. ఎవరిది?”

“తెలిసిన టైలరొకాయన ఉన్నారు సార్.”

“గురువారం రమ్మను.”

ఆ సంగతి నాన్నకు చెప్పడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. కాగితంలో ‘వ్యాపారం’ అని రాసిన సంగతీ కక్కేసింది. ఆయన సూదిలో దారం ఎక్కించడం పూర్తి చేశాడు.

“దానికేముంది. వస్తాను,” అన్నాడు.

గురువారం ఇస్త్రీ చొక్కాతో, సరిగ్గా పది గంటలకు హాలు గుమ్మంలో నిలబడ్డాడు. మెళ్ళోంచి కొలత టేపు తియ్యడం మరిచిపోయాడు. ఆమె ఎదురెళ్ళింది. ఆయన చేతులు జోడించి, “నమస్కారం మేడం గారూ, రమ్మన్నారట,” అన్నాడు.

కళ్ళల్లో ఆమెను ఎరిగిన జాడ కూడా లేదు. కూతురి గుట్టు కాపాడడానికి ఆయన దారంతా ఆ మాటే వల్లె వేసుకుంటూ వచ్చి ఉంటాడు. అన్నం ముద్దలు కలిపి పెట్టిన చేతులు తనకు నమస్కారం పెడుతున్నాయి.

విచారణలో నాన్న ఎక్కడా తడబడలేదు. నిక్కరు తిరగేసి ఒక్కో కుట్టూ చూపించాడు. “ఏదీ, ఈ జేబులో చెయ్యి పెట్టండి,” అని తువ్వాళ్ళాయనకే అందించాడు. ఆయన పెట్టాడు. వేళ్ళు మాత్రమే పట్టాయి. “చూశారా, జేబురుమాలుకే!” అని పెద్దాయన పసిపిల్లాడిలా సంబరపడ్డాడు. తర్వాత నీలం దానిలో చెయ్యి పెట్టాడు. ముంజేయి సగం దాకా దిగిపోయింది. ఆయన దాన్ని మెల్లగా బయటికి తీసుకుని, “ఇవి కూడా కలిపి పంపాడన్నమాట. నాకు తువ్వాళ్ళు తప్ప ఏం తెలుసండీ,” అని కూలబడ్డాడు. ఆ మాటలో మోసం లేదని అందరికీ అర్థమైంది.

గళ్ళవి రాత్రి దుస్తులు, నీలంవి నిక్కర్లు అని తేలింది. గుమాస్తా నాన్న వాంగ్మూలం పూర్తిచేస్తూ అలవాటుగా అడిగాడు. “ఇక్కడ ఎవరితోనైనా బంధుత్వం ఉందా?”

“అబ్బే, లేదండీ,” అన్నాడు నాన్న.

“ఉంది,” అంది ఆమె. “ఆయన మా నాన్న. నా సర్వీసు కాగితంలో వృత్తి తప్పు రాశాను. అది కూడా దిద్దాలి.”

నాన్న తల వంచుకుని టేపు చివర వేలికి చుట్టుకుంటున్నాడు. భూతద్దం గారు కుర్చీలోంచి లేచారు.

“బంధుత్వం నీతోనేగా, సరుకు తెప్పించినాయనతో కాదుగా? ఏమంటారండీ పెద్దాయనా?”

“నాకేం అభ్యంతరం? నన్ను దొంగన్న నింద నుంచి తప్పించిందే ఆయన,” అన్నాడు తువ్వాళ్ళాయన.

“ఉన్నదున్నట్టు రాయి గుమాస్తా.” భూతద్దం గారు నాన్న వైపు తిరిగారు. “మీ అమ్మాయి బట్టని బొటనవేలితో రుద్ది చూస్తుంది. మొదటి రోజే గమనించాను. అది పుస్తకాల్లో నేర్పే పని కాదు. నేర్పినవారెవరో ఇంట్లో ఉన్నారనుకున్నాను.”

ఆ మధ్యాహ్నం తండ్రీకూతుళ్ళు క్యాంటీనులో ఎదురెదురుగా కూర్చుని భోంచేశారు. కాసేపటికి ఆయనే అడిగాడు.

“మీ టారిఫ్ పుస్తకంలో సూది ఉంటుందా అమ్మడూ?”

“ఉంటుంది. చేతి సూది ఇనుప సామానుతో, మిషను సూది మిషన్లతో.”

“అవును మరి, రెండూ ఒకటెలా అవుతాయి?” అని మెచ్చుకున్నాడు. “మరి మేం గుడ్డ మీద గీసుకునే సుద్దముక్క?”

ఆమెకు తెలియదు. మేడ మీదికి పరిగెత్తి పుస్తకం చూసి వచ్చింది. “పెన్సిళ్ళ పక్కన పెట్టారు నాన్నా.”

ఆయన అన్నం కలపడం ఆపాడు. తన సుద్దముక్కకు ఎక్కడో, ఎవరో, ముందే చోటు చూసి పెట్టారన్న సంగతి ఆయనకు బాగా నచ్చినట్టుంది.

“పెన్సిళ్ళ పక్కనా! ఎవరో పని తెలిసినవాడే రాశాడే దాన్ని,” అన్నాడు.