తెర మీద మధ్యాహ్నం

ఆఫీసు నుంచి వచ్చి కంప్యూటర్ తెరిచేసరికి, హరిప్రియ మూడేళ్లపాటు కూడబెట్టిన కప్పల్లో ఒక్కటి కూడా లేదు.

కప్పలంటే వాటి అరుపులు. సిడ్నీ శివారు గిరావీన్‌లో తమ ఇంటి వెనక వాగు గట్టున, వానకు తడుస్తూ, దోమలకు ఒళ్లప్పగించి, మైకు పట్టుకు కూర్చుని ఆమె రికార్డు చేసినవి. ఒక అరుదైన కప్పజాతి మీద ఆమె చేస్తున్న పీహెచ్‌డీకి ప్రాణం అవే. మళ్లీ రికార్డు చేద్దామా అంటే, కిందటేడు వంతెన పనికోసం ఆ గట్టంతా తవ్వి పోశారు. ఆ తర్వాత అక్కడ కప్ప అరిచింది లేదు.

తెర మీద రోజూ కనిపించే విండోస్ లేదు. దాని బదులు ఆకుపచ్చ గుర్తుతో లినక్స్ మింట్ తాపీగా కూర్చుని ఉంది. వాడేవారి పేరు దగ్గర 'శ్రీ' అని ఉంది. ఆ ఇంట్లో శ్రీ అనే మనిషే లేరు.

హరిప్రియ కప్పల రెండో కాపీ ఉన్న నల్లటి హార్డ్ డ్రైవ్ కోసం సొరుగు లాగింది.

సొరుగు ఖాళీ.

"భార్గవ్!"

అప్పుడే గుమ్మంలో బూట్లు విప్పుతున్న మొగుడు ఒంటి బూటుతోనే పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది?"

"మింట్ ఇన్‌స్టాల్ చేశావా?"

"నేనా? ఇప్పుడే ట్రైన్ దిగొస్తున్నా."

"నిజం చెప్పు. నీ ఆర్చ్ లినక్స్ పిచ్చిలో ఏదైనా కెలికావా?"

"ఆర్చ్ పిచ్చి ఉన్నోడు ఆర్చ్ పెడతాడు గానీ మింట్ పెడతాడా? మా ఆఫీసులో తెలిస్తే నా పరువేం కాను?"

నెల్లాళ్లుగా ఆ ఇంట్లో ఇదే గొడవ. విండోస్ టెన్‌కి ఇక అప్‌డేట్లు రావన్నారు. కొత్తదానికి ఈ పాత కంప్యూటర్ పనికిరాదు. సరే, ఉచితంగా దొరికే లినక్స్ పెడదామనుకున్నారు. తణుకు నుంచి వచ్చిన మామగారు పేపర్లు చదువుకుంటారు, ప్రవచనాలు వింటారు, కాబట్టి తేలికైనది ఉండాలని హరిప్రియ పట్టు. లినక్స్‌లో మింట్ రకమైతే విండోస్ వాడిన చేతికి కొత్త అనిపించదని ఆమె లెక్క. అదంతా పసిపిల్లల వ్యవహారం, నేర్చుకుంటే అన్నీ చేత్తో కట్టుకునే ఆర్చ్ రకమే నేర్చుకోవాలని ఐటీ ఉద్యోగి భార్గవ్ వాదం. చివరికి ఆమె మింట్‌ని పెన్ డ్రైవ్‌లో ఎక్కించి, వారం నుంచి పగలు మామగారికి దాంట్లోంచే నడిపిస్తోంది; తన పనికి మాత్రం విండోసే. అలా నడిపితే కంప్యూటర్ లోపల ఉన్నది చెక్కుచెదరదు.

మరి ఇప్పుడెలా చెదిరింది?

భార్గవ్ కుర్చీలో కూలబడి నాలుగు మీటలు నొక్కాడు.

"ట్రయల్ కాదు ప్రియా, ఇది ఫుల్ ఇన్‌స్టాల్. డిస్క్ మొత్తం ఇరేజ్ చేసి మరీ పెట్టారు. రికవరీకి ట్రై చేద్దాం. అన్నీ వస్తాయని మాత్రం ప్రామిస్ చెయ్యలేను. బ్యాకప్ ఉందిగా?"

"డ్రైవ్ కూడా లేదు!"

"ఒకేరోజు రెండూనా? ఇది యాక్సిడెంట్ కాదు. ఎవడో ఇంట్లోకొచ్చాడు."

"టీవీ వదిలేసి కప్పల్ని ఎత్తుకుపోయే దొంగ ఎవడుంటాడు భార్గవ్? నా కప్పలంటే మంట ఉన్నది ఈ ఇంట్లో నీ ఒక్కడికే. బెకబెకలకి డాక్టరేటా అని బార్బెక్యూ విందులో అందరి ముందూ నవ్వింది నువ్వు కాదా?"

"జోక్ చేస్తే దొంగనైపోతానా?"

హరిప్రియ నేలమీద చతికిలబడి ఏడ్చేసింది. భార్గవ్ ఫోన్ తీశాడు. "ఇక లాభం లేదు. పోలీసులకి చెబుదాం."

"పండగపూట పోలీసులెందుకురా?"

మామగారు సత్యనారాయణమూర్తి గుమ్మంలో నిలబడ్డారు. తణుకులో తరాల పిల్లలకు పలక మీద అక్షరాలు దిద్దించి రిటైరైన మాస్టారు. చేతిలో విజయదశమి ప్రసాదం పులిహోర పళ్లెం ఉంది.

"ఇంటికెవరైనా వచ్చారా మామయ్యగారూ?"

"ఎవరూ రాలేదమ్మా. పొద్దుట్నుంచీ నేనొక్కణ్ణే ఉన్నాను. ముందు ప్రసాదం తినండి."

ఎన్నింటికి జరిగిందని పోలీసులు ముందుగా అడుగుతారు. హరిప్రియ కళ్లు తుడుచుకుని తెర మూలనున్న గడియారం వైపు చూసింది. మధ్యాహ్నం రెండు దాటినట్టు చూపిస్తోంది. కిటికీలోంచి చూస్తే వీధిదీపాలు వెలిగి ఉన్నాయి.

మింట్ పెట్టేటప్పుడు మీరెక్కడున్నారని అడుగుతుంది. ప్రపంచపటం చూపిస్తుంది. ఆమె సెట్టింగులు తెరిచింది. సిడ్నీ ఉండాల్సిన చోట కోల్‌కతా ఉంది. ఇండియాలో ఎక్కడ నొక్కినా అది చూపించే ఊరు అదే. పెట్టినవాడు పటం మీద ఇండియా నొక్కాడు.

మళ్లీ వెళ్లాక ఎలాగూ తిప్పుకోవాలి కదా అని, విమానం దిగి ఇన్నాళ్లయినా చేతివాచీ మార్చుకోని మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

"మామయ్యగారూ," ఆమె గొంతు మెల్లగా వచ్చింది. "ఇప్పుడు టైమెంతైందండీ?"

ఆయన అలవాటుగా మణికట్టు ఎత్తారు. "రెండు దాటిందమ్మా..."

భార్గవ్ చేతిలో ఫోన్ కిందికి దిగింది.

పెద్దాయన పళ్లెం బల్లమీద పెట్టి దేవుడి గూటి దగ్గరకు వెళ్లారు. పూజలో పెట్టిన పుస్తకాల మీది పూలు పక్కకు జరిపి, వాటి మధ్యలోంచి ఒక నల్లటి డబ్బా తీసుకొచ్చారు. దాని నడినెత్తిన కుంకుమ బొట్టు ఉంది.

హరిప్రియ దాన్ని లాక్కున్నంత పనిచేసి కంప్యూటర్‌కి తగిలించింది. చిన్న దీపం మినుకుమినుకుమంది. ఆమె మొదటి ఫైలు నొక్కింది. తర్వాత, వానచప్పుడు వెనకనుంచి, ఒక కప్ప గొంతెత్తింది. దానికి ఇంకోటి బదులు పలికింది.

హరిప్రియ ఆయన వైపు తిరిగింది. "ఎందుకు చేశారు మామయ్యగారూ?"

ఆయన మంచం అంచున కూర్చున్నారు.

"నాకోసమే అన్నారు కదమ్మా ఇదంతా. నాన్నగారికి తేలిగ్గా ఉండాలని మీరిద్దరూ ఇన్నాళ్లు కొట్టుకున్నారు గానీ, నీకేది కావాలని ఒక్కరూ నన్ను అడగలేదు. వారం నుంచి దీన్ని వాడుతున్నది నేనే. నాకు నచ్చింది. ఎక్కడుంటుందనుకుంటే అక్కడే ఉంటుంది ప్రతీదీ. ఇవాళ విజయదశమి, మొదలెడితే ఇవాళే మొదలెట్టాలి. నా వాచీలో ఒకటి దాటింది, ఒకటిన్నరకి రాహుకాలం. నువ్వొచ్చేదాకా ఆగుదామనుకుంటే నువ్వా ఎంతకీ రావు."

"సిడ్నీ సూర్యుడికి మీ వాచీతో ఏం పని నాన్నా?" అన్నాడు భార్గవ్. "ఇక్కడ రాహుకాలం ఎప్పుడో అయిపోయింది."

"నన్ను చెప్పనీరా. ఇన్‌స్టాల్ అని బొమ్మ ఉంటే నొక్కాను. ఇరేజ్ అని అడిగింది. చదవలేదని అబద్ధమాడను, చదివాను. పలక తుడిచాకే కదా కొత్త అక్షరం దిద్దిస్తాం అనుకుని సరే అన్నాను. పేరడిగితే, పలక మీద ముందు రాసేదే కొట్టాను. ఊరడిగితే మన దేశం చూపించాను. నీ చదువంతా ఈ నల్లడబ్బాలో ఉందని నువ్వే అన్నావు కదమ్మా. అందుకే పొద్దున్నే దాన్ని పుస్తకాలతో పాటు పూజలో పెట్టాను. రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు. కానీ అది సాకు. నువ్వు నేలమీద పడి ఏడుస్తుంటే, నీ డబ్బా భద్రంగా ఉందని ఒక్క ముక్క చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెబితే ఇక నన్ను దీన్ని ముట్టుకోనివ్వరని భయపడ్డాను. చెరిపింది నేనే, దాచిందీ నేనే. వాడి తప్పేం లేదు. మీరేమన్నా పడతాను. ఆ ఆర్చో గీర్చో మాత్రం నాకు పెట్టకండి."